ఉమ్మడి మేస్టారి చేతులు

బహుళ పాడ్యమి

నాలుగు విశ్వవిద్యాలయాల పెద్దలకు, ఏడోగట్టు పంపుల సావిడి నుంచి ఉపదేశి బోనిగ జెకర్యా రాయడం. మీకు కృపయు సమాధానమును కలుగును గాక. నేను పంపిన ప్రశ్నలకు మాత్రం ఇంతవరకు మీ వైపునుంచి ఏ సమాధానమూ కలగలేదు.

రోజువారీ చిట్టా రాయమన్నారు, రాస్తున్నాను. ఇక్కడ తేదీలు నడవవు, తిథులే నడుస్తాయి. చంద్రుణ్ణి బట్టి పోటు, పోటుని బట్టి బతుకు.

మీరు పంపిన మేస్టారు ఈ ఉదయం పడవ దిగాడు. దిగాడనడం మర్యాదకోసం. పడవలో లేచి నిలబడ్డాడు, అలా నిలబడే ఉన్నాడు. ఊరంతా రేవులో చూస్తోంది, పిల్లలు బంతిపూల దండ పట్టుకున్నారు. మేస్టారి కుడిచెయ్యి నమస్కారానికి లేచి సగంలో ఆగింది. నోరు "ప్రియమైన ఏడోగట్టు యువతకు" అని మూసుకుంది.

మా పల్లెకారుల కుర్రాడు నూకరాజు నా చెవిలో అడిగాడు. "ఏటండీ ఉపదేశిగారూ, ఈయనకి పడవ పళ్ళేదాండీ?"

అప్పుడు నోరు మళ్ళీ తెరుచుకుని సంగతి చెప్పింది. ఇది నాలుగు విశ్వవిద్యాలయాల సమష్టి కృషి. యంత్రదేహం ఒక్కటే కొనగలిగారు. అందులో కళ్ళు ఒకరివి, చేతులు ఒకరివి, కాళ్ళు ఒకరివి, నోరు తమది. ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని ఎవరి భాగాన్ని వాళ్ళు నడుపుతారు. ఏ పనికైనా నలుగురి సమ్మతీ కావాలి. కాళ్ళ విభాగంవారు ప్రస్తుతం వేరే సమావేశంలో ఉన్నారు.

మేస్టారిని వలకర్రలమీద పడుకోబెట్టి మోసుకొచ్చాం. దారిలో ముసలమ్మలు ఎవరు పోయారని అడిగారు.

మీలో ఎవరికి గుర్తుందో లేదో గనక మళ్ళీ రాస్తున్నాను. మా ఊరు సముద్రానికి కింద ఉంది. ఆరు గట్లు మింగింది సముద్రం, ఏడోదాని వెనక మేమున్నాం. పోటు వచ్చినప్పుడల్లా లాకు మూసి, లోపల ఊరిన నీటిని పంపులతో బయటికి తోడెయ్యాలి. నా పెళ్ళినాటినుంచి ఆ పని మెట్టమీద కూర్చున్న యంత్రం చేస్తోంది, దాన్ని మేం పైబుద్ధి అంటాం. ఖర్చు భరించలేమని జలశాఖవారు వచ్చే అమావాస్యకు దాన్ని తీసేస్తున్నారు. మా పిల్లలు లాకూ పంపులూ చూసుకునే లస్కర్లై తమ చేతులతో మూడు పంపులూ నడిపి చూపిస్తే ఊరు ఉంటుంది. లేదంటే ఖాళీ చేయిస్తారు. పల్లెకారులు ఒక శిబిరానికి, కొండదిగి వచ్చిన కోయలు ఇంకోదానికి, దూదేకులవాళ్ళు మరోదానికి, మా మందిరంపేట ఎక్కడికో. మూడు తరాలు కొట్టుకుని తిట్టుకుని ఒక్కటైన ఊరిది. అందరితోనూ సమానంగా గొడవపడేవాణ్ణి నేనొక్కణ్ణే గనక ఈ పని నాకు అప్పగించారు.

అమావాస్య దగ్గర్లోనే ఉంది. దయచేసి కాళ్ళవారిని సమావేశంలోంచి లేపండి.

తదియ

ఈరోజు పాఠం బోల్టు. ఒకే ఒక్క బోల్టు. పంపు మూతకున్నది ఎటు తిప్పితే ఊడుతుంది, ఎటు తిప్పితే బిగుస్తుంది.

చేతులావిడ పానా పట్టుకుంది. మీ పేర్లూ పదవులూ పలకలేక పిల్లలు కళ్ళాయన, చేతులావిడ, నోరాయన, కాళ్ళావిడ అని పెట్టుకున్నారు. నొచ్చుకోకండి, నాకు పెట్టిన పేరు ఇంతకంటే ఘోరం.

"ఆగండి!" అన్నాడు నోరాయన. "మనం చూపించకూడదు. ఎటు తిప్పాలో విద్యార్థులే అన్వేషించాలి."

కళ్ళాయనకు నోరు లేదు గనక ఆయన అభ్యంతరాన్ని కూడా నోరాయనే, ఇష్టం లేకుండా, చదివి వినిపించాడు. ముందు బోల్టు వ్యాసం కొలవాలట. ఇంతలో కాళ్ళావిడకు వెనక వరసలో కూర్చున్న కోయ పిల్లలమీద దయ కలిగింది. వెనకబడినవారి దగ్గరికి తానే నడిచి వెళ్ళడం సమానత్వమట. కాళ్ళు వెనక్కి నడిచాయి, చేతులు పానాతో బోల్టుని వదల్లేదు. మేస్టారు బోర్లా పడ్డాడు.

సావిడి గొల్లున నవ్వింది. మా పేట పిల్ల కెరెను, నోటికి తాళం లేని పిల్ల, లేచి వినయంగా అడిగింది. "లేపమంటారాండీ, అన్వేషించమంటారాండీ?"

అయ్యలారా, కన్ను చేతిని చూసి నువ్వెవరు అనకూడదని అపొస్తలుడు కొరింథువాళ్ళను ఎప్పుడో చీవాట్లు పెట్టాడు. వాళ్ళు బడికి పోనివాళ్ళేమో, వినేశారు. నేనూ బడికి పోలేదు. అక్షరాలు గ్రంథంలోనే దిద్దుకున్నాను, అందుకే అడుగుతున్నాను. దేహాన్ని కొనేముందు మీలో ఒక్కరైనా ఆ పుట చదివారా?

బోల్టు ఇంకా బిగించే ఉంది.

షష్ఠి

నోరాయన ఉదయమంతా "అపకేంద్ర జలోత్సారక యంత్ర ప్రారంభ విధానము" బోధించాడు. కోయ పిల్ల జోగమ్మ చివరిదాకా ఓపిగ్గా విని, "అదేందయ్యా, ఏమన్న రోగమా?" అంది.

రోగం కాదు, పంపు మొదలుపెట్టడం. ఆయన చెప్పింది నేను రాసుకుని నూరి పిండితే ఎనిమిది పనులు తేలాయి. బయటి వాల్వు మూయి. జాలీకి పట్టిన నాచు తియ్యి. పంపుకి నీళ్ళు తాగించు. గాలి వదిలే మర విప్పి బుడగలు ఆగేదాకా చూడు. మీట ఎత్తు. కొలత ముల్లు నిలిచిందా చూడు. వాల్వు మెల్లగా తెరువు. వణుకు విను.

ఇది మేస్టారు చేసి చూపించడానికి నలుగురి సమ్మతీ రావాలంటే మూడో పనికే చీకటి పడుతోంది. ఎర్రసముద్రం ఒడ్డున మోషే ఇలా సమ్మతులకోసం కూర్చుని ఉంటే ఫరో రథాలు వచ్చి టిఫిను కూడా చేసి వెళ్ళేవి.

నా సహనం అయిపోయింది. రేపటినుంచి నా పద్ధతి. పాతికేళ్ళుగా మందిరంలో కీర్తనలు ఎలా కంఠతా పట్టించానో అలాగే. కుడివైపు మగపిల్లలు, ఎడమవైపు ఆడపిల్లలు. మొదటి వచనం వాళ్ళు, రెండోది వీళ్ళు, ఎదురెదురుగా. ఏ మతమైనా, ఏ పేటైనా, గొంతుకి కులం లేదు. సావిడి అమరిక కూడా దీనికి కుదిరింది. వాల్వులూ మీటలూ కుడిగోడకే, గాలిమరా ముల్లూ జాలీ గొలుసూ ఎడమగోడకే. ఎవరి వచనం వాళ్ళు చదువుతూ ఎవరి పని వాళ్ళు చేస్తారు.

దశమి

దేవునికి స్తోత్రం. పారుతోంది!

"బయటి వాల్వు మూయుము" అని కుడివైపు గర్జిస్తే, "జాలీకి పట్టిన నాచు తీయుము" అని ఎడమవైపు అందుకుంటోంది. గట్టుమీద వలలు బాగుచేసుకునే ముసలాళ్ళు కూడా తాళం వేస్తున్నారు. మూడు పంపులూ మూడుసార్లు నడిపారు, ఒక్క తప్పు లేదు.

మేస్టారు గోడకు చేరగిలి చూశాడు. నోరాయన ఉప్పొంగిపోయాడు. "ఇది సముదాయాధారిత సాంకేతిక బోధన! దీనిమీద పత్రం రాయాలి" అన్నాడు. అంతే, పత్రంమీద ఎవరి పేరు ముందుండాలని సాయంత్రందాకా వాదన. ఆ వాదన మాకు ఒకవైపే వినపడింది, తక్కిన ముగ్గురికీ నోరు లేదు గనక. చేతులు మాత్రం రెండుసార్లు నెత్తి కొట్టుకున్నాయి.

"మా పిల్లలు బాగా చేశారని కనీసం తల ఊపండి" అన్నాను.

"తల కదలిక ఏ విభాగానికి చెందుతుందో ఒప్పందంలో లేదండీ" అన్నాడు నోరాయన, నొచ్చుకుంటూ.

శిరస్సు లేని దేహం. నేను ఇంకేమీ రాయను, కలం విరుగుతుంది.

త్రయోదశి

పైబుద్ధిని విప్పవలసిన జలశాఖ ఇంజనీరు కబురు పెట్టాడు. అమావాస్యనాడు ఆయన పని మొదలుపెట్టడట, ఇంట్లో ఒప్పుకోరట. అందుకని రేపు చతుర్దశి ఉదయమే విప్పుకుపోతాడట. పరీక్ష చూడడానికి మాత్రం అమావాస్య వెళ్ళాక పాడ్యమికి వస్తాడట. సముద్రానికి పట్టింపుల్లేవు బాబూ, అది ఏ రోజైనా వస్తుందని తిరిగి కబురు పెట్టాను.

పెద్దపోటుకు ముందు కర్రవలలు ఊడదియ్యాలి గనక మగపిల్లలందరూ పడవలెక్కారు. కోయ కుర్రాళ్ళు కూడా కూలికి వెళ్ళారు. రేపు రాత్రికల్లా వచ్చేస్తామని నూకరాజు మాట ఇచ్చాడు. "అమాసకి కుడేపు నిండుగా ఉంటాదండి, ఆయ్."

చతుర్దశి

ఇంజనీరు ఉదయం వచ్చాడు. పైబుద్ధి తీగలు విప్పి, పెట్టెలో సర్దుకుని, కాఫీ తాగి వెళ్ళాడు. మధ్యాహ్నానికి గాలి తూర్పుకు తిరిగింది, వాన పట్టింది. రేపు రావలసిన నీరు ఇవాళే గట్టు మెడదాకా లేచింది. లాకు తలుపు దాని బరువుకు అదే దిగింది గనక బతికాం. కానీ లోపల కాలవలు పొంగి పల్లపువీధి గడపలెక్కాయి. పడవలు కనుచూపుమేరలో లేవు.

నేను తడుస్తూ సావిడికి పరుగెత్తాను. ఆడపిల్లలు అప్పటికే ఎడమగోడ పొడుగునా నిలబడి ఉన్నారు.

"వచనం ఎత్తుకోండమ్మా!" అని అరిచాను.

ఎవరూ ఎత్తుకోలేదు. మొదటి వచనం కుడివైపుది. కుడివైపు గోడ తప్ప ఏమీ లేదు.

"కెరెనూ, మొదటిది అందుకో!"

"అది మాది కాదండి!"

"ఇన్నాళ్ళూ ఎదురుగా నిలబడి వినలేదా?"

"వినడమెక్కడండీ! వాళ్ళు చదివేటప్పుడు మేం మా వంతు నెమరేసుకుంటాం. మందిరంలో అందరూ చేసేదదే గదా! పైగా ఆ గోడ దగ్గరికి మమ్మల్ని ఎప్పుడైనా రానిచ్చారాండీ తమరు?"

నేను నోరు తెరిచాను. నాకే వచనాలు వరసలో రాలేదు. ఎనిమిదీ నూరి పిండినవాణ్ణి, ఆ క్షణాన కేకలకే కూలిన యెరికో గోడలు తప్ప ఏమీ గుర్తురాలేదు. జోగమ్మ ఆగలేక కుడిగోడకు దూకి మీట ఎత్తేసింది. పంపు మూలిగింది, కాలిన వాసన వచ్చింది, మీట దానంతటదే పడిపోయింది. మోటారు మిగలడం దేవుని దయ.

అప్పుడు మూలనుంచి చప్పుడు. గాలికి గట్టుమీద స్తంభం ఒరిగి, నాలుగు ఊళ్ళనుంచి మేస్టారిని నడిపే నాలుగు దారుల్లో మూడు తెగిపోయాయి. కళ్ళు ఆరిపోయాయి, నోరు సగం తెరుచుకుని ఉండిపోయింది, కాళ్ళు ముడుచుకున్నాయి. చేతులు రెండే కదులుతున్నాయి. దీపం ఆరిన ఇంట్లో అగ్గిపెట్టె వెతుక్కునే మనిషిలా గాలిని తడుముతున్నాయి.

"చేతులావిడ ఉంది!" అని కెరెను, జోగమ్మ మేస్టారిని చంకలకింద పట్టుకుని పంపు దగ్గరికి ఈడ్చారు. కెరెను ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని పంపు పొట్టమీద పెట్టింది. చెయ్యి చూడిగేదెను నిమిరినట్టు నిమిరింది. ఆగింది. తరవాత గాలిలో చక్రం తిప్పినట్టు తిప్పింది.

"వాల్వు! వాల్వంటంది!"

చేతిని తీసుకెళ్ళి వాల్వు చక్రంమీద పెట్టారు. చెయ్యి ఒక్క చుట్టు మూసి, కెరెను చేతిని వెతికి పట్టుకుని, చక్రంమీద పెట్టి, పైన తన చెయ్యి వేసి తిప్పించింది. మొదటి వచనం అయింది.

"జాలీకి పట్టిన నాచు తీయుము!" అని ఎడమవైపు అందుకుంది, అలవాటుకొద్దీ.

నేను ఆనందం పట్టలేక ఆ యెరికో గోడలు కూల్చిన యెహోషువను గురించి ఏదో మొదలుపెట్టాను.

"తాతగారూ, తర్వాత చెబుదురుగాని, ముందు ఆ గొలుసు లాగండి!"

లాగాను. నడుములోతు నీళ్ళలో నాచు పీకాను. పైన ఒక వచనం చేతులు చెప్పడం, ఒక వచనం పిల్లలు చదవడం. నీళ్ళు తాగించారు, బుడగలు చూశారు, మీట ఎత్తారు, ముల్లు నిలిచింది, వాల్వు మెల్లగా తెరిచారు. మొదటి పంపు అందుకుంది.

రెండో పంపు దగ్గరికి మేస్టారిని ఈడ్చి, చేతుల్ని దాని పొట్టమీద పెట్టారు. చేతులు వెనక్కి లాక్కున్నాయి. మళ్ళీ పెట్టారు. ఈసారి రెండూ మేస్టారి వీపువెనక్కి వెళ్ళి ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి.

"ఏంది, అలిగినట్టుంది?" అంది జోగమ్మ.

కెరెను ఒక్క క్షణం చూసింది. "అలగలేదే. మనల్నే చెయ్యమంటంది."

రెండో పంపూ మూడో పంపూ పిల్లలే మొదలుపెట్టారు, ఎనిమిది వచనాలూ వాళ్ళే, రెండు గోడల మధ్యా పరుగెత్తుతూ. పల్లపువీధిలో నీరు పొద్దుగుంకేలోపు గడప దిగింది.

నీరు వెనక్కి తీసే పాటు వేళకు పడవలు వచ్చాయి. నూకరాజు తడిబట్టలతో గుమ్మంలో నిలబడి తెల్లబోయాడు. "మేం లేకుండా మొదటిది ఎవరు సదివేరే?"

"చేతులావిడ" అంది కెరెను. తరవాత నా వైపు తిరిగింది. "నలుగురూ కలిసి ఒక మనిషిని నాలుగు ముక్కలు చేశారని రోజూ తిడతారు గదా తాతగారూ. తమరు పాఠాన్ని రెండు ముక్కలు చేసి, తిప్పేదంతా మగాళ్ళకీ, చూసేదంతా మాకూ పంచారు. మేం ఎవర్ని తిట్టాలండీ?"

తగిన వాక్యంకోసం గ్రంథం తెరిచాను. ఇంటికొచ్చి కూడా తిరగేస్తూనే ఉన్నాను. దొరికిన ప్రతిదీ ఆ పిల్ల పక్షానే ఉంది.

పాడ్యమి

అమావాస్య గడిచింది, ఇంజనీరు పరీక్షకు వచ్చాడు. మగపిల్లల్ని ముందు పిలిచాడు, నేనేమీ అనకముందే. నూకరాజు వాల్వు అద్భుతంగా మూసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తర్వాత?"

"తర్వాతది ఆళ్ళదండి."

"వాళ్ళు లేకపోతే?"

"ఉండాలండి" అన్నాడు నూకరాజు, నిజాయితీగా. ఇంజనీరు పెదవి విరిచి సంచీ సర్దుకోబోయాడు. ఊరు ఆ సంచీలోకి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది నాకు.

"అయ్యా, ఆగండి" అని జోగమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "మమ్మల్ని అడగనే లేదు గదా. అడిగి పో."

అడిగాడు. మూడు పంపులూ నడిపారు. వచనాలు పాడలేదు, ఆ అవసరం దాటిపోయారు. ఇంజనీరు మూడో పంపుమీద చెయ్యి వేసి వణుకు చూసి, తల ఊపాడు. తల ఉన్న మనిషి, ఊపగలిగాడు. ఊరు ఉంటుంది. లస్కర్లు ఆడపిల్లలు. మగపిల్లలు వాళ్ళదగ్గర శిష్యరికం చెయ్యాలి. నూకరాజు అప్పుడే కెరెనుని "లస్కరుగారండీ" అని ఏడిపిస్తున్నాడు, ఆ పిల్ల నిజమనుకుని పని చెబుతోంది.

విదియ, ఆదివారం

మందిరంలో ఉత్తర ప్రత్యుత్తర పఠనం. ఆదివారం ఆరాధనలో మొదటి వచనం ఉపదేశిది, అంటే పాతికేళ్ళుగా నాది. నేను గొంతు సవరించుకునేలోపు ఎడమవైపు మొత్తం అందుకుంది. "అది నా వంతు!" అని అరిచాను. ఎవరూ ఆగలేదు. రెండోది చదువుదామంటే అదీ చదివేశారు. మూడోదానికి కుడివైపు కూడా కలిసింది. నేను నిలబడి విన్నాను. విసుగ్గానే విన్నాను. కానీ మొదటిసారి ఆ కీర్తన మొత్తం విన్నాను.

మధ్యాహ్నం మీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇన్నాళ్ళకు మొదటిది! చతుర్దశినాడు చేతుల విభాగంవారు తక్కిన ముగ్గురి సమ్మతి లేకుండా ప్రవర్తించారని, ఒప్పందం ఉల్లంఘించారని, విచారణ ముగిసేవరకు దేహాన్ని తక్షణం వాపసు చెయ్యమని. నాలుగు సంతకాలకు చోటుంది, మూడే ఉన్నాయి.

అయ్యలారా, విశ్రాంతి దినాన ఒకడి ఎండిపోయిన ఊచచెయ్యి బాగుచేసినందుకు కూడా ఒకాయనమీద ఇలాగే విచారణ జరిగింది. ఆ విచారణ చేసినవాళ్ళ పేర్లు ఇప్పుడెవరికీ తెలియవు.

ఆజ్ఞ ప్రకారం మేస్టారిని పడవెక్కించాం. కాళ్ళు నడవలేదు, మళ్ళీ మేమే మోశాం. కళ్ళు, కాళ్ళు, నోరు, ఎవరిదీ కాని తల, అన్నీ గోనెలో చుట్టి భద్రంగా పంపుతున్నాం. చేతులు రెండూ ఇక్కడే ఉన్నాయి, సావిడిలో రెండో పంపు పక్క బల్లమీద. ఈ సాయంత్రంనుంచే మోటారు విప్పి చూపించడం మొదలుపెట్టాయి, చుట్టూ ఆడా మగా కలిసి కూర్చున్నారు. దేహం లేని చెయ్యి ఏం చెబుతుందని మీకు సందేహం రావచ్చు. బెల్షస్సరు రాజు విందులో గోడమీద రాసింది దేహం లేని చెయ్యే. ఆ చెయ్యి ఏ విశ్వవిద్యాలయానిదని అక్కడ ఎవరూ అడగలేదు, గబగబా అర్థం వెతుక్కున్నారు.

భుజాల దగ్గర విప్పింది కెరెను, జోగమ్మ, నూకరాజు. నేను కళ్ళారా చూశాను, ఎవరూ చూపించలేదు, ఎవరూ చెప్పలేదు. చేతులావిడ కూడా వేళ్ళు కదపకుండా కూర్చుని, ఊడిన బోల్టుల్ని ఒక్కొక్కటే అరచేతిలో అందుకుంది. నోరాయనకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పండి, సంతోషిస్తాడు. బోల్టు ఎటు తిప్పితే ఊడుతుందో విద్యార్థులే అన్వేషించారు.